డ్రైవరు సంతకం

గ్రంథాలయం
3వ తేదీ

ఇంజను మాట తప్ప మనిషి మాట వినిపించుకోని పెదనాన్నకు,

నమస్కారం. ఈ ఉదయం వ్యాను కడుగుదామని బకెట్టు పట్టుకుని వెళ్తే ఒక వింత కనిపించింది. వెనక కుడి టైరు ఒక్కటే శుభ్రంగా ఉంది. ఎవరో తుడిచినట్టు నల్లగా మెరుస్తోంది. వెనక ఎడమ టైరుకి మాత్రం బురద గడ్డకట్టి, అందులో ఒక గడ్డిపరక నిలబడి ఉంది. ఒకే ఇరుసుకున్న రెండు చక్రాలు ఒకే బురదలో ఒకే గంట గడిపి ఇలా వేరువేరుగా ఎందుకు వచ్చాయో నాకు అర్థం కాలేదు. బకెట్టు అక్కడే దించి నీకు ఉత్తరం రాస్తున్నాను.

మా గ్రంథాలయం వ్యాను సంగతి నీకు తెలుసు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. వారానికి ఒకసారి కొండ మీద బడి దాకా పుస్తకాలు తీసుకుపోతాం. బడికి కాస్త కింద ఒక మలుపు ఉంది. ఒక పక్క రాయి, ఒక పక్క జిగట మట్టి. నిన్న అక్కడ మూడోసారి కూరుకుపోయింది. పాలాయన ట్రాక్టరు తెచ్చి లాగాడు.

మా ఆఫీసరు గారు అరిచే మనిషి కాదు. కాగితం మీద రాస్తారు. ఈసారి రాసింది ఇది. వచ్చే నెల ఇరవయ్యో తేదీన ఆయనే వ్యానులో కూర్చుని పైదాకా వస్తారు. మధ్యలో బండి చిక్కుకుంటే కొండ దారి రద్దు. వ్యాను ఇక చదునైన వీధుల్లోనే తిరుగుతుంది. పైన ముప్ఫై నాలుగు మంది సభ్యులున్నారు. వాళ్ళలో సగం మంది నాకంటే ఎక్కువ చదివారు.

డిఫరెన్షియల్ లాకర్ అనే దాని గురించి మా దగ్గరున్న మోటారు పుస్తకంలో మూడుసార్లు చదివాను. బొమ్మలు చాలా బాగున్నాయి. వెనక ఇరుసుకి ఒకటి బిగించుకోవడానికి ఆఫీసరు గారు ఒప్పుకున్నారు. అది బిగిస్తే ఆ మలుపు ఎక్కుతుందా? ఫోనులో అడిగితే నీకు వినిపించదు, నాకు మాట రాదు. అందుకే ఈ ఉత్తరం.

కళ్ళజోడు తుడుచుకుంటూ,
నీ అమ్మాయి

తా.క. బడి పక్కన బట్టలు కుట్టే టైలరమ్మ మూడు భాగాల నవల చదువుతోంది. రెండో భాగం చివర నాయిక తుఫానులో పడవ ఎక్కుతుంది. మూడో భాగం నిన్న వ్యానులోనే ఉండిపోయింది. ఈ ఉదయం పాలాయన చేత చీటీ పంపింది. "మునుగుతుందా లేదా, ఒక్క మాట చెప్పండమ్మా" అని. కథ ముందుగా చెప్పకూడదని నియమం. చెప్పలేదు.


7వ తేదీ

జాబ్ కార్డు
బండి: పుస్తకాల వ్యాను
ఫిర్యాదు: కొండ ఎక్కట్లేదు
కారణం: డ్రైవరు
డ్రైవరు సంతకం:

పుస్తకంలోంచి తల ఎత్తని మా తల్లికి,

గ్రీజు వదలని చేతుల ఆశీర్వాదం. షెడ్డు మూసేసినా జాబ్ కార్డులు రెండు పెట్టెలు మిగిలాయి. పొయ్యిలో పెడతానని మీ పెద్దమ్మ బెదిరిస్తోంది. అందుకే ఇక మీదట ఉత్తరాలన్నీ వీటి మీదే.

నువ్వు బకెట్టు దించి చూశావు చూడు, ఆ చూపు నా దగ్గర పని నేర్చిన పదకొండు మందిలో ఒక్కడికీ లేదు. శుభ్రంగా ఉన్న టైరే దోషి. జిగట మట్టిలో పట్టు దొరక్క గిర్రున తిరిగి, ఒంటి మీద బురదంతా విసిరికొట్టుకుంది. రెండోది రాయి మీద బుద్ధిగా నిలబడి ఉండిపోయింది.

డిఫరెన్షియల్ అంటే ఇరుసు మధ్యన గుండ్రటి ఇనప డబ్బా ఉంటుందే, అందులో ఉండే పళ్ళ చక్రాల సంసారం. అది మెతక తండ్రి లాంటిది. ఇద్దరు పిల్లల్లో ఎవడు కాళ్ళు నేలకేసి కొట్టుకుంటే వాడికే అన్నీ పెడుతుంది. కుదురుగా ఉన్నవాడికి ఏమీ దక్కదు. రోడ్డు మీద ఆ మెతకదనమే మంచిది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలిది తక్కువ. ఎవరి నడక వాళ్ళని నడవనిస్తుంది. బురదలో మాత్రం కొంప ముంచుతుంది. లాకర్ బిగించి స్విచ్చి నొక్కితే ఇద్దరినీ కలిపి కట్టేస్తుంది. నడిస్తే ఇద్దరూ, ఆగితే ఇద్దరూ. ఎక్కుతుంది. నాదీ పూచీ.

కానీ ఒక మాట. లాకర్ బండికి బిగిస్తాం గానీ డ్రైవరు బుర్రకి బిగించలేం. ఒకసారి కూరుకుంటే బురద తప్పు. రెండోసారి బండి తప్పు. మూడోసారి కూడా అక్కడే అంటే ఆడలేక మద్దెల ఓడు. వాడెవడో గానీ, గట్టివాణ్ణి చూసి మార్చుకోండి.

విప్పేటప్పుడు ఏ వస్తువు ఏ పక్కదో గుర్తు పెట్టమని అక్కడి మేస్త్రీకి చెప్పు.

చేయి కడుక్కోకుండానే,
పెదనాన్న

తా.క. నువ్వు మాత్రం పొరపాటున కూడా స్టీరింగు ముట్టుకోకు. నీ పద్దెనిమిదో ఏట నువ్వు గుద్దిన నా షెడ్డు గోడ ఇంకా ఒరిగే ఉంది. నీకు పుస్తకాలే క్షేమం. గోడలకూ క్షేమం.


గ్రంథాలయం
15వ తేదీ

మెతక తండ్రుల గుట్టు తెలిసిన పెదనాన్నకు,

నమస్కారం. లాకర్ వచ్చింది. ఒక చిన్న కంప్రెసరు, గొట్టం, ఎర్ర స్విచ్చి కూడా వచ్చాయి. స్విచ్చి నొక్కితే కంప్రెసరు గాలి పంపుతుంది, ఆ గాలి లోపలున్న పళ్ళను కలుపుతుంది. వ్యాను ఇప్పుడు మా వెనక వీధి షెడ్డులో నాలుగు స్టాండ్ల మీద ఉంది.

షెడ్డు మేస్త్రీ గురించి చెప్పాలి. ఆయన ఏమడిగినా "చూద్దాం" అంటారు. నేను అది కూడా అనను. అందుకని పని ప్రశాంతంగా సాగుతోంది. ఇరుసు కడ్డీలు బయటికి లాగారు. డబ్బా మూత తీశారు. పెద్ద పళ్ళ చక్రాన్ని, అంటే క్రౌన్ వీల్‌ని, ఊడదీశారు. బేరింగు మూతల మీద సుత్తితో ఎడమదానికి ఒక చుక్క, కుడిదానికి రెండు చుక్కలు పొడిచారు. అది చూసి నాకు చాలా ముచ్చటేసింది. గుర్తులు పెట్టేవాళ్ళంటే నాకు గౌరవం.

నేనూ ఊరికే కూర్చోలేదు. ప్రతి వస్తువుకీ ఒక చీటీ రాసి కట్టాను. వరస సంఖ్య, పేరు, ఉండవలసిన చోటు. నూట పన్నెండు వచ్చాయి. ఒక నట్టు కనిపించలేదు. దాని చీటీ మీద "బయటికి ఇవ్వబడినది" అని రాశాను.

ఇంకొకటి. బల్ల మీద పల్చటి ఇనప రింగులు రెండు చోట్ల ఉన్నాయి, కుడి చివర ఒక కుప్ప, ఎడమ చివర ఒక కుప్ప. షిమ్ములట. ఒకే రకం వస్తువులు రెండు చోట్ల ఉండటం మా వృత్తిలో తప్పు. మేస్త్రీ గారు టీకి వెళ్ళినప్పుడు రెండు కుప్పలూ కలిపి, మందం ప్రకారం వరసగా పేర్చాను. ఇప్పుడు ఏది కావాలన్నా క్షణంలో దొరుకుతుంది.

పెద్దమ్మ పంపిన నీలం స్వెట్టరు సరిగ్గా సరిపోయింది. చేతులు కాస్త పొడుగు. అలాగే బాగుంది.

డ్రైవరు గురించి నువ్వు రాసినది నేను పైకి చదవలేదు. అయినా డ్రైవరుకి తెలిసింది. బాధపడ్డారు.

వేళ్ళకు జిగురుతో,
నీ అమ్మాయి

తా.క. మేస్త్రీ గారు టీ నుంచి వచ్చారు. బల్ల వంక చాలాసేపు చూశారు. తర్వాత కూర్చున్నారు. మంచినీళ్ళు అడిగారు. ఈసారి "చూద్దాం" అనలేదు. ఎందుకో నీకేమైనా తెలుసా?


19వ తేదీ

జాబ్ కార్డు
బండి: పాపం
ఫిర్యాదు: చదువు ఎక్కువైంది
కారణం: డ్రైవరు
డ్రైవరు సంతకం:

నా కొంప సర్దిన తల్లికి,

ఆశీర్వాదం. ఉత్తరం చదివి నేనూ మంచినీళ్ళే అడిగాను.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. అమ్మాయీ, ఆ రెండు కుప్పలు ఒకే రకం వస్తువులు కావు. ఎడమవి ఎడమవే, కుడివి కుడివే. క్రౌన్ వీల్‌కి బలం అందించే చిన్న పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది, పినియన్. ఆ రెండింటి పళ్ళ మధ్య ఎంత సందు ఉండాలో అంతే ఉండాలి. వెంట్రుకంత ఎక్కువైతే టకటకలాడతాయి, వెంట్రుకంత తక్కువైతే ఒరుసుకుని ఊడతాయి. ఆ సందు కుదిరేది అటు ఎన్ని షిమ్ములు, ఇటు ఎన్ని షిమ్ములు అన్న లెక్క మీద. నువ్వు ఆ లెక్కనే కలిపేశావు. భార్యాభర్తల బట్టలు పొడుగు ప్రకారం పేర్చి ఎవరివి ఎవరివో కనుక్కోమన్నట్టుంది.

నిన్ను అనను. నువ్వు పుస్తకాల పిల్లవి. డ్రైవరు ఏం చేస్తున్నాడు? బండి విప్పి ఉంటే డ్రైవరు బండి పక్కనే ఉండాలి. మా షెడ్డులో డ్రైవరు కళ్ళముందే విప్పేవాళ్ళం, డ్రైవరు కళ్ళముందే బిగించేవాళ్ళం. కార్డు మీద డ్రైవరు సంతకం లేనిదే బండిని గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు. వీడు నీ పక్కన నిలబడి "అమ్మా, వాటిని ముట్టుకోకండి" అని ఒక్క మాట అంటే సరిపోయేది.

సరే. మేస్త్రీని కంగారు పడొద్దను. షిమ్ములు చెరి సగం వేసి బిగించమను. క్రౌన్ వీల్ పళ్ళకు చిక్కటి రంగు పూసి, చేత్తో ఆ పక్కకు ఈ పక్కకు తిప్పమను. పళ్ళు ఎక్కడ కలుస్తున్నాయో అక్కడ రంగు చెరిగి ముద్ర పడుతుంది. ఆ ముద్రను తెల్ల కాగితం మీద అద్ది నాకు పంపు. జాతకం చూసి చెప్తాను.

తల పట్టుకుని,
పెదనాన్న

తా.క. నీ ఉత్తరంలో డ్రైవరు బాధపడ్డాడని ఉంది. మంచిది. మొదటి శుభవార్త.

ఇంకో తా.క. ఇది పెద్దమ్మని. ఆ మాట్లాడని మేస్త్రీకి వయసెంత? పెళ్ళయిందా?


గ్రంథాలయం
24వ తేదీ

పళ్ళ జాతకాలు చూసే పెదనాన్నకు,

నమస్కారం. తప్పు నాది. మేస్త్రీ గారికి క్షమాపణ ఒక కాగితం మీద రాసి ఇచ్చాను, నోటితో చెప్పలేక. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, "చూద్దాం" అన్నారు. చాలా ఊరట కలిగింది.

చిక్కటి రంగు దొరకలేదు. మా స్టాంపు ప్యాడు సిరాలో గ్రీజు కలిపాం. అది వయొలెట్టు రంగు. పళ్ళు చాలా అందంగా ఉన్నాయి. ముద్ర అద్దిన కాగితం ఇందులో ఉంది. ఏ కాగితం ఏ రోజుదో తెలియాలని తేదీ ముద్ర కూడా వేశాను.

నువ్వడిగిన దానికి జవాబు. ఆ సమయంలో డ్రైవరు అక్కడే ఉన్నారు. షిమ్ములు పేరుస్తున్నంతసేపూ చూస్తూనే ఉన్నారు. ఆపాలని తోచలేదు. పైగా బాగా సర్దారనుకున్నారు.

ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. నేను ప్రతి ఉదయం లెక్కపెడుతున్నాను. మొన్న కొండ మీది బడి పిల్లలు తిరిగి ఇవ్వవలసిన పుస్తకాలన్నీ పాలాయన బండిలో వేసి పంపారు. మేం ఇక రామేమో అని. చెప్పకుండానే పంపారు. వాటిని అరల్లో పెట్టబుద్ధి కాలేదు. మూటలోనే ఉంచాను.

వయొలెట్టు వేళ్ళతో,
నీ అమ్మాయి

తా.క. పెద్దమ్మకు: అరవై రెండు. ముగ్గురు మనవలు.

ఇంకో తా.క. టైలరమ్మ మళ్ళీ చీటీ పంపింది. "చెప్పకూడదంటే చెప్పొద్దు. మునిగితే ఎర్ర దారం, బతికితే తెల్ల దారం పాలాయన చేతికి కట్టి పంపండి" అని. నీలం దారం పంపాను.


29వ తేదీ

జాబ్ కార్డు
బండి: గర్భిణి
ఫిర్యాదు: తేదీలు
కారణం: డ్రైవరే, ఇంకెవరు
డ్రైవరు సంతకం:

కాలం కంటే ముందున్న తల్లికి,

ఆశీర్వాదం. నీ కాగితం నిన్న అందింది. దాని మీద వచ్చే నెల ఏడో తేదీ అని ఉంది. నలభై ఏళ్ళుగా పోస్టు ఆలస్యంగా రావడం చూశాను, రాయకముందే రావడం ఇదే మొదలు. మీ పెద్దమ్మ చూసి, అది పుస్తకం తిరిగి ఇవ్వవలసిన తేదీ వేసే ముద్ర అని చెప్పింది. అందుకని గడువు దాటకుండా నీ కాగితం నీకే తిప్పి పంపుతున్నాను. జరిమానా వేయకు.

దాని వెనక రాసిందే ఇక్కడా రాస్తున్నా. ముద్ర పంటికి లోపలి కొసన పడింది. మధ్యలో పడాలి. అంటే క్రౌన్ వీల్ పినియన్‌కి మరీ దగ్గరగా చేరింది. క్రౌన్ వీల్ వీపు వైపు నుంచి ఒక పల్చటి షిమ్ము తీసి అవతలి పక్క వేయండి. మళ్ళీ రంగు పూసి చూడండి. మధ్యలోకి వచ్చేదాకా అదే పని. వచ్చాక నాకు పంపనక్కర్లేదు. ఆ ముద్ర నిండు చందమామలా ఉంటుంది, నీకే తెలుస్తుంది.

ఇక డ్రైవరు. చూస్తూనే ఉన్నారు, తోచలేదు, బాగా సర్దారనుకున్నారు. ఆ గాడిదకి ఇంత మర్యాద ఎందుకు? నాకు నిద్ర పట్టలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాణ్ణి చూశాను గానీ, తన బండి పేగులు కలగాపులగం చేస్తుంటే ముచ్చట పడేవాణ్ణి చూడలేదు. ముప్ఫై నాలుగు మంది చదువు వాడి చేతిలో పెట్టి నువ్వు తేదీలు లెక్కపెట్టుకుంటున్నావు. నేను ఊరుకోను. ఇరవయ్యో తేదీకి నేనే వస్తాను. వాణ్ణి దించి ఆ సీట్లో నేను కూర్చుంటాను.

మీసం మీద చెయ్యేసి,
పెదనాన్న

తా.క. ఆ డ్రైవరుని వెంటనే తీసేయమని మీ ఆఫీసరు గారికి వేరే ఉత్తరం రాశాను. నిన్ను మాత్రం బాగా పొగిడాను.


గ్రంథాలయం
8వ తేదీ

పెదనాన్నకు,

నమస్కారం. నాలుగోసారికి ముద్ర మధ్యలోకి వచ్చింది. చందమామలాగే ఉంది. మేస్త్రీ గారు, నేను చాలాసేపు చూస్తూ నిలబడ్డాం. ఆయన "అదీ" అన్నారు. ఈ నెల రోజుల్లో అది ఆయన రెండో మాట.

నీ ఉత్తరం ఆఫీసరు గారికి చేరింది. నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, మొత్తం పైకి చదివారు. "ఆ డ్రైవరు గ్రంథాలయానికే కాదు, రవాణా శాఖకే మచ్చ" అన్న చోట కాస్త ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ చదివారు. తర్వాత కళ్ళజోడు మీదుగా నా వంక చూసి, "మీరేమంటారు?" అని అడిగారు. డ్రైవరుకి ఇంకొక్క అవకాశం ఇవ్వమన్నాను. ఆయన ఉత్తరం మడిచి, "మీ పెదనాన్న గారు చాలా దూరంలో ఉంటారా?" అని అడిగారు. అవునన్నాను. ఇరవయ్యో తేదీ మారదన్నారు.

దయచేసి నువ్వు రావద్దు. నీ మోకాళ్ళు ఆ దారికి తట్టుకోవు. నీ మీద కోపంతో కాదు.

ఇంకొకటి దాచకూడదు. నిన్న వ్యాను షెడ్డు నుంచి బయటికి వచ్చింది. లాకర్ పనిచేస్తోందో లేదో చూడటానికి స్విచ్చి నొక్కి, తీయడం మర్చిపోయి, డ్రైవరు గ్రంథాలయం గేటులో మలుపు తిప్పబోయారు. బండి తిరగనంది. టైర్లు కీచుమన్నాయి. తిన్నగా వెళ్ళి ఆఫీసరు గారి కిటికీకి జానెడు దూరంలో ఆగింది. ఆయన తల బయటికి పెట్టి, "నేనే బయటికి వచ్చి పుస్తకం తీసుకునేవాణ్ణి కదా" అన్నారు. నువ్వు ముందే రాశావు, రోడ్డు మీద ఎవరి నడక వాళ్ళదని. చదివి కూడా మర్చిపోవడం ఏమిటో తెలియదు.

అప్పటి నుంచి డ్రైవరుకి భోజనం సహించడం లేదు. ఆ మలుపు ఎలా ఎక్కాలో వివరంగా రాసి పంపు. తిట్టకుండా రాస్తే ఇంకా బాగా గుర్తుంటుంది.

గడియారం చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ,
నీ అమ్మాయి

తా.క. మర్యాద ఎందుకని అడిగావు. స్కూల్లో సిస్టర్లు ఎవరినైనా బహువచనంలోనే అనాలని నేర్పారు. గేటు దగ్గరుండే కుక్కను కూడా "వచ్చారు, పడుకున్నారు" అనేవాళ్ళం. అది చాలా మర్యాదగా ఉండేది.


13వ తేదీ

జాబ్ కార్డు
బండి: సిద్ధం
ఫిర్యాదు: పెద్దమ్మ నా బూట్లు దాచింది
కారణం: మోకాళ్ళు
డ్రైవరు సంతకం:

నా తల్లికి,

ఆశీర్వాదం. నేను రావడం లేదు. బూట్లు దొరకలేదు. ఇల్లంతా వెతికాను. ఎక్కడున్నాయో తెలిసినావిడ కుర్చీలో కూర్చుని నవ్వుతోంది.

ఆ గాడిద కోసం అవకాశం అడిగావని చదివి మూడు రోజులు కోపంగా ఉన్నాను. నాలుగో రోజు తగ్గింది. నువ్వు ఎవరి కోసమూ నోరు తెరిచి అడిగే పిల్లవి కావు. అలాంటిది తలుపు వేసిన గదిలో ఆఫీసరు ముందు అడిగావంటే ఆ మనిషిలో ఏదో ఉండే ఉంటుంది.

లోపల ఒక చిన్న కవరు పెట్టాను. అది డ్రైవరుకి. అంటించాను. నువ్వు విప్పకూడదు. నీ మర్యాద మీద నాకు నమ్మకం. దానితో పాటు ఒక ఖాళీ జాబ్ కార్డు ఉంది. బండి కొండ ఎక్కితే డ్రైవరు చేత సంతకం పెట్టించి పంపు. ఎక్కకపోయినా పంపు.

చెప్పుల్లో,
పెదనాన్న

తా.క. ఇది పెద్దమ్మని. పైన చలిగా ఉంటుంది. ఆ రోజు డ్రైవరుని స్వెట్టరు వేసుకోమను. నీలం రంగుది.


(లోపలి కవరు)

డ్రైవరు బాబుకి,

నిన్ను చాలా అన్నాను. పనిలో అన్న మాటలు పనిలోనే వదిలేయాలి.

మలుపుకి ముందే, గట్టి నేల మీద బండి ఆపు. లాకర్ అక్కడే వెయ్యి. చక్రం గిర్రున తిరుగుతున్నప్పుడు వేస్తే పళ్ళు విరుగుతాయి. స్విచ్చి పక్కన దీపం వెలిగాక కదులు. తక్కువ గేరు. పాదం తొక్కీ తొక్కనట్టు, పాము మీద వేసినట్టు ఉండాలి, కానీ ఎత్తకూడదు. స్టీరింగు తిన్నగా పట్టు. బండి కాస్త జారుతుంది, జారనీ. పైకి వెళ్ళాక స్విచ్చి తీసి, నాలుగు గజాలు తిన్నగా పోనిచ్చి, దీపం ఆరాకే తిప్పు.

ఇంకొకటి చెప్తాను, మా అమ్మాయికి చెప్పకు. దానికి పద్దెనిమిదేళ్ళప్పుడు నా షెడ్డు ఆవరణలో బండి నేర్పాను. బాగానే నడిపింది. రెండు చుట్లు చక్కగా తిప్పింది. మూడో చుట్టులో నేను ఎదురుగా వెళ్ళి నిలబడి "బ్రేకు, బ్రేకు" అని అరిచాను. అవసరం లేదు. అలవాటు కొద్దీ అరిచాను. నన్ను తప్పించబోయి గోడకు గుద్దింది. అందరి ముందూ దానికి చేతకాదన్నాను. ఆ తర్వాత అది నా ముందు స్టీరింగు ముట్టుకోలేదు. గోడ బాగు చేయించకుండా అలాగే ఉంచాను. దాన్ని ఆటపట్టించడానికని అందరూ అనుకుంటారు. అందుక్కాదు.

కాబట్టి నీ పక్కన ఎవరైనా అరిస్తే వినకు. చక్రం మాట విను.

ఒక పాత మేస్త్రీ


గ్రంథాలయం
21వ తేదీ

పెదనాన్నకు,

నమస్కారం. నిన్న ఉదయం తొమ్మిదింటికి బయలుదేరాం. రెండు రోజులుగా వాన. ముందు సీట్లు రెండే. వెనకంతా పుస్తకాలు, బడి పిల్లల మూట కూడా. మేస్త్రీ గారు గేటు దాకా వచ్చి ఒక నట్టు చేతిలో పెట్టారు. కనిపించకుండా పోయినది, దాని చీటీతో సహా. "తిరిగి ఇచ్చాను" అన్నారు.

మలుపు ముందు బండి ఆగింది. ఎర్ర స్విచ్చి నొక్కితే కంప్రెసరు పిల్లి గురకలా మోగింది. దీపం వెలిగింది. ఆఫీసరు గారు అద్దంలోంచి దారి చూసి, ఇక్కడి నుంచి నడిచి వెళ్దామా అని మెల్లగా అడిగారు. తక్కువ గేరు పడింది.

బురదలోకి దిగాం. వెనక భాగం ఎడమకు జారింది. ఎన్నడూ అరవని మనిషి ఆయన, రెండు చేతులతో తలుపు పట్టుకుని "ఆపండి, ఆపండి" అని అరిచారు. డ్రైవరు వినలేదు. పాదం ఎత్తలేదు. వెనక రెండు చక్రాలూ ఒకే మాట మీద తిరుగుతున్నట్టు కింద నుంచి తెలిసింది. ఒకటి రాయిని పట్టుకుంది, రెండోది దాని వెంటే నడిచింది. అంతే. ఎక్కేశాం. మొత్తం ఒక పేజీ చదివేంతసేపు కూడా పట్టలేదు.

పైన స్విచ్చి తీసి, నాలుగు గజాలు తిన్నగా పోయి, దీపం ఆరాకే బడి గేటులోకి తిరిగాం. పిల్లలు ఎవరూ కేరింతలు కొట్టలేదు. వరసలో నిలబడి, వాళ్ళ మూట వాళ్ళే దించుకున్నారు. ఆఫీసరు గారు కిందికి దిగి, చొక్కా సర్దుకుని, అక్కడికక్కడే కాగితం మీద రాశారు. "కొండ దారి కొనసాగును." దాని కింద ఇంకో వాక్యం రాశారు. "దారిలో నేను అరిచిన విషయం నమోదు చేయనక్కర్లేదు."

దిగాక నేను మొదట టైర్లు చూశాను. వెనక రెండింటికీ బురద సమానంగా ఉంది.

లోపలి కవరు డ్రైవరు తప్ప ఎవరూ విప్పలేదు. నువ్వు చెప్పవద్దన్న మాట డ్రైవరు ఎవరికీ చెప్పలేదు. నాలుగుసార్లు మాత్రం చదివారు. ఇక ఆ గోడ బాగు చేయించమని నీకు చెప్పమన్నారు.

పెద్దమ్మకు చెప్పు, స్వెట్టరు వెచ్చగా ఉంది. ఆవిడకు ఎప్పటి నుంచి తెలుసో అడుగు.

బురద కాళ్ళతో,
నీ అమ్మాయి

తా.క. టైలరమ్మ మూడో భాగం అందుకుని, వ్యాను మెట్టు మీదే కూర్చుని, చివరి పేజీ తెరిచి చదివింది. తర్వాత మొదటి పేజీకి వచ్చింది. "ఇప్పుడు నిదానంగా చదువుకుంటాను" అంది. అలా చేయకూడదని నియమమేమీ లేదు.

ఇంకో తా.క. జాబ్ కార్డు ఇందులో ఉంది. డ్రైవరు సంతకం అన్న చోట నేనే సంతకం పెట్టాను. రెండేళ్ళుగా ఆ బండి నడుపుతున్నది నేనే.